వేళ తప్పిన నిద్ర - కుంగిన మనస్సు

ప్రొద్దు గుంకే వేళకు చింతచెట్టు ఆకులు జంటలు జంటలుగా ముడుచుకొంటవి. ప్రొద్దు పొడిచే వేళకు మళ్లీ విచ్చుకొంటవి. పల్లెలో పెరిగిన ప్రతి పిల్లవానికీ ఇది తెలిసిన సంగతే. క్రీస్తుకు పూర్వం 4వ శతాబ్దంలో అలెగ్జాండరు నౌకాదళంతో వచ్చిన ఆండ్రోస్థెనీస్ అనే గ్రీకు నావికుడు, పారశీక సింధుశాఖలోని ఒక దీవిలో ఇటువంటి చెట్టునే చూచాడు. రాత్రివేళ ఆ చెట్టు నిద్రపోతుందని అక్కడివారు చెప్పుకొనేవారట. అది చింతచెట్టే అయి ఉంటుందని పండితుల అభిప్రాయం.

వెలుతురు వస్తే ఆకు విచ్చుకొంటుంది, చీకటి పడితే ముడుచుకొంటుంది. ఇందులో వింత ఏమున్నదని అనిపించవచ్చు. 1729లో ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు ద మైరాన్ ఈ సంగతిని పరీక్షకు పెట్టాడు. ఆకులను ముడిచే అత్తిపత్తి మొక్కను తీసుకొనిపోయి చీకటిలో ఉంచాడు. సూర్యుడు కనబడకపోయినా ఆ మొక్క పగటి వేళకు ఆకులు విప్పింది, రాత్రి వేళకు ముడిచింది. అంటే వేళను తెలిపేది బయటి వెలుతురు ఒక్కటే కాదన్నమాట. మొక్కలోపలే ఏదో గడియారం నడుస్తున్నది.

అటువంటి గడియారం మనిషిలో కూడా ఉన్నది. అది సరిగా నడిచినంత కాలం దాని ఉనికియే మనకు తెలియదు. అది వేళ తప్పినప్పుడు నిద్ర వేళ తప్పుతుంది. నిద్రతోపాటు చాలామందికి మనస్సు కూడా కుంగిపోతుంది. ఈ రెండు బాధలూ ఒకే మనిషిలో కలిసి ఉన్నప్పుడు చికిత్స చేయడం ఎట్లా అన్నది గత 50 సంవత్సరాలుగా వైద్యులు పరిశోధిస్తున్న విషయం. వారు ఉపయోగిస్తున్న సాధనాలలో ముఖ్యమైనది ఖరీదులేనిది: వెలుతురు. కాని ఆ వెలుతురును ఏ వేళకు వాడుతున్నామన్నదాని మీదనే అది మేలు చేయడమో కీడు చేయడమో ఆధారపడి ఉన్నది.

గుహలలో జరిగిన పరీక్షలు

మనిషిలో గడియారం ఉన్నదో లేదో తెలియాలంటే అతనిని ఎండ కనబడని చోట, గడియారాలు లేని చోట కొంతకాలం ఉంచి చూడాలి. 1938లో అమెరికా శాస్త్రజ్ఞుడు నథానియల్ క్లీట్‌మన్, ఆయన శిష్యుడు బ్రూస్ రిచర్డ్‌సన్ కెంటకీ రాష్ట్రంలోని మామత్ గుహలో 32 రోజులు గడిపారు. అక్కడ వారు 28 గంటలను ఒక దినంగా పెట్టుకొని నిద్రించడానికి, మేల్కొనడానికి ప్రయత్నించారు. చిన్నవాడైన రిచర్డ్‌సన్ ఆ కొత్త దినానికి అలవాటు పడ్డాడు. క్లీట్‌మన్ మాత్రం అలవాటు పడలేకపోయాడు. ఆయన శరీరపు వేడి సుమారు 24 గంటలకు ఒకసారి పెరిగి తగ్గుతూనే ఉన్నది.

1962లో ఫ్రాన్సుకు చెందిన మిషెల్ సిఫ్ర్ అనే యువకుడు ఆల్ప్స్ పర్వతాలలోని ఒక గుహలో గడియారం లేకుండా రెండు నెలలు ఒంటరిగా ఉన్నాడు. సెప్టెంబరు 14న పైనున్నవారు గడువు ముగిసిందని చెప్పినప్పుడు, అతని లెక్క ప్రకారం అది ఆగస్టు 20వ తేదీ మాత్రమే. మనస్సు రోజుల లెక్క మరచిపోయినా అతని శరీరం మరచిపోలేదు. నిద్ర, మెలకువ దాదాపు దినానికి ఒకసారి చొప్పున క్రమంగానే వచ్చినవి.

ఆ తరువాత జర్మనీలో మ్యూనిక్ దగ్గరి ఆండెక్స్ అనే చోట యూర్గెన్ ఆషాఫ్, రూట్గర్ వెవర్ భూగృహాన్ని నిర్మించి వందలాది మందిని పరీక్షించారు. మనిషి లోపలి దినం 25 గంటలకు దగ్గరగా ఉన్నదని అక్కడ లెక్క తేలింది. అయితే ఆ గృహంలో ఉన్నవారు దీపాలను తమ ఇష్టప్రకారం వెలిగించుకొనేవారు. రాత్రివేళ వెలిగిన ఆ దీపాలే గడియారాన్ని వెనుకకు నెట్టినవని తరువాత తెలిసింది. 1999లో హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన చార్లెస్ జైస్లర్ బృందం దీపాల ప్రభావాన్ని తొలగించి కొలవగా, సగటున 24 గంటల 11 నిమిషాలు అని తేలింది. దినానికి సుమారు ఒకసారి తిరిగే ఈ మార్పులకు ఫ్రాంజ్ హాల్‌బర్గ్ 1959లో 'సర్కేడియన్' లయలు అని పేరు పెట్టాడు. లాటిన్ భాషలో 'సర్కా' అంటే సుమారు, 'డియెస్' అంటే దినం. తెలుగులో దైనిక లయ అనవచ్చు.

ఇక్కడ విద్యార్థులు ఒక చిన్న లెక్క చేసి చూడవచ్చు. రోజుకు 11 నిమిషాలు నిదానించే గడియారాన్ని ఎవరూ సరిచేయకపోతే 30 రోజులకు 330 నిమిషాలు, అంటే అయిదున్నర గంటలు వెనుకబడుతుంది. రెండు కళ్లూ పూర్తిగా కనబడని వారిలో చాలామందికి ఇదే జరుగుతున్నది. వారి నిద్రవేళ దినదినమూ జరిగి జరిగి పగటిలోకి వస్తుంది, మళ్లీ రాత్రిలోకి పోతుంది. చూపున్న వారికి ఇట్లా జరగకపోవడానికి కారణం, ప్రతి ఉదయమూ సూర్యకాంతి ఆ ముల్లును కొద్దిగా ముందుకు తిప్పడమే.

గడియారం ఎక్కడ ఉన్నది?

మెదడు అడుగుభాగాన హైపోథాలమస్ అనే చోట, రెండు కళ్ల నుండి వచ్చే నాడులు ఒకదానినొకటి దాటే స్థలానికి సరిగ్గా పైన, రెండు చిన్న నాడీకణాల గుంపులు ఉన్నవి. ఒక్కొక్క గుంపులో సుమారు 10,000 కణాలు ఉంటవి. 1972లో అమెరికాలో రెండు బృందాలు వేరువేరుగా ఎలుకలలో ఈ గుంపులను నాశనం చేసి చూడగా, వాటి దైనిక లయలు చెదరిపోయినవి. శరీరమంతటికీ వేళ చెప్పే పెద్ద గడియారం ఇదే. ప్రతి కణంలోనూ కొన్ని జన్యువులు ప్రోటీన్లను తయారుచేస్తవి. ఆ ప్రోటీన్లు పేరుకొన్నాక తమను తయారుచేసిన జన్యువులనే ఆపివేస్తవి. అవి క్రమంగా క్షీణించాక జన్యువులు మళ్లీ పనికి పూనుకొంటవి. ఈ ఆవర్తనానికి సుమారు ఒక దినం పడుతుంది. దీనిని ఈగలలో కనుగొన్నందుకు జెఫ్రీ హాల్, మైకేల్ రాస్‌బాష్, మైకేల్ యంగ్ అనే ముగ్గురికి 2017లో నోబెల్ బహుమానం లభించింది.

ఈ గడియారానికి వెలుతురు కబురు అందించేది కన్నే. అయితే వస్తువులను చూచే కణాలు వేరు, వేళను చూచే కణాలు వేరు. కంటి రెటీనాలో మెలనాప్సిన్ అనే వర్ణపదార్థం గల కొన్ని ప్రత్యేక కణాలు ఉన్నవని 2002 నాటికి స్పష్టపడింది. ఇవి ముఖ్యంగా నీలి కాంతికి స్పందిస్తవి.

చీకటి కబురును శరీరమంతటా చాటేది మెలటోనిన్ అనే హార్మోను. 1958లో ఆరన్ లెర్నర్ అనే వైద్యుడు పశువుల పీనియల్ గ్రంథి నుండి దీనిని వేరుచేశాడు. ఆరోగ్యవంతునిలో నిద్రవేళకు సుమారు రెండు గంటల ముందు రక్తంలో మెలటోనిన్ పెరగడం మొదలుపెడుతుంది. శరీరపు వేడి క్రమంగా తగ్గి, మెలకువ రావడానికి రెండు మూడు గంటల ముందు అన్నిటికంటె తక్కువకు దిగుతుంది. చికిత్సలో ఈ అతిశీతల క్షణం చాలా ముఖ్యమైనది. దానిని గుర్తుంచుకోవాలి.

గడియారం వేళ తప్పిన రోగాలు

గడియారం వేళ తప్పడం పలు విధాలుగా ఉంటుంది. కొందరికి సాయంకాలం ఏడు ఎనిమిదింటికే కన్ను మూతపడి, తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తుంది. ఇది పెద్ద వయస్సులో ఎక్కువ. కొందరికి నిద్రవేళ ప్రతిదినమూ జరుగుతూ పోతుంది. రాత్రి పాళీలలో పనిచేసే కార్మికులకు, నర్సులకు, కంప్యూటరు ఉద్యోగులకు గడియారం ఒక వేళను చెబితే, ఉద్యోగం మరొక వేళను చెబుతుంది.

యౌవనంలో ఉన్నవారికి ఎక్కువగా వచ్చేది నిద్ర ఆలస్యమయ్యే రోగం. దీనిని 1981లో న్యూయార్క్ వైద్యుడు ఎలియట్ వైట్జ్‌మన్, ఆయన సహచరులు మొదటిసారిగా వివరించారు. ఈ రోగికి రాత్రి రెండు మూడు గంటలు దాటితేగాని నిద్ర పట్టదు. పదింటికి పక్క ఎక్కినా పొర్లుతూ ఉండవలసిందే. పట్టిన తరువాత ఆ నిద్ర చక్కని నిద్రే. ఉదయం పది పదకొండు వరకు నిద్రపోనిస్తే, హాయిగా లేస్తాడు. ఆరింటికి లేపితే మాత్రం మూడు గంటల నిద్రతో బడికి పోవలసి వస్తుంది. నిద్రలేమి రోగికీ ఇతనికీ తేడా ఇక్కడే ఉన్నది. నిద్రలేమి రోగి సెలవు దినాన కూడా నిద్రపోలేడు. ఇతడు సెలవు దినాన తన వేళకు నిండుగా నిద్రపోతాడు.

యౌవనారంభంలో అందరి గడియారమూ కొంత వెనుకకు జరుగుతుంది. అది బద్ధకం కాదు, వయోధర్మం. అందువల్లనే 2014లో అమెరికా శిశువైద్యుల సంస్థ ఉన్నత పాఠశాలలను ఉదయం 8-30కు ముందుగా ప్రారంభించరాదని సలహా ఇచ్చింది. ఈ సహజమైన మార్పుకు రాత్రి దీపాలు, చేతిలోని ఫోను, చీకటిగదిలో ఉదయపు నిద్ర తోడైనప్పుడు, కొందరిలో అది రోగంగా ముదురుతుంది. 2015లో ప్రకటించిన ఒక ప్రయోగంలో కొందరు వరుసగా అయిదు రాత్రులు పడుకోబోయే ముందు నాలుగు గంటలసేపు వెలుగు చిమ్మే తెరమీద పుస్తకం చదివారు. అచ్చుపుస్తకం చదివినప్పటికంటె వారిలో మెలటోనిన్ సుమారు గంటన్నర ఆలస్యంగా పుట్టింది.

నిద్రకు, మనస్సుకు గల సంబంధం

డిప్రెషన్ అని వైద్యులు పిలిచే కుంగుబాటు సాధారణమైన విచారం కాదు. కనీసం రెండు వారాలపాటు, దాదాపు ప్రతిదినమూ, మనస్సు దిగాలుగా ఉండడమో, ఇంతకు ముందు ఇష్టమైన వాటిపై ఆసక్తి చచ్చిపోవడమో దీనికి ముఖ్య లక్షణం. ఆకలి, నిద్ర మారిపోతవి. ఏకాగ్రత కుదరదు. తాను పనికిరానివాడినన్న భావం వేధిస్తుంది. కొందరిలో బ్రతుకుమీదనే విరక్తి కలుగుతుంది.

ఈ రోగంలో గడియారపు జాడలు ఎన్నో కనబడతవి. చాలామందికి ఉదయం బాధ ఎక్కువగా ఉండి, సాయంకాలానికి కొంత తేలికపడుతుంది. కొందరికి తెల్లవారకముందే మెలకువ వచ్చి మళ్లీ నిద్ర పట్టదు. మరికొందరు పగలంతా నిద్రపోతారు. 1997లో జరిగిన ఒక ప్రయోగంలో ఆరోగ్యవంతులను 24 గంటలకంటె పొడుగైన కృత్రిమ దినాలలో ఉంచి, వారి మనఃస్థితిని గంట గంటకూ అడిగి గుర్తించారు. ఎంతసేపు మేలుకొని ఉన్నారన్నదానితోపాటు, లోపలి గడియారంలో అది ఏ వేళ అన్నది కూడా మనస్సు తేలికపడడాన్ని, బరువెక్కడాన్ని నిర్ణయిస్తున్నదని తేలింది.

ఈ రెండు రోగాలలో ఏది ముందు, ఏది వెనుక? రెండు విధాలా జరుగుతుంది. నిద్రవేళ జరిగిపోయిన విద్యార్థి మొదటి పాఠాలకు ఆలస్యంగా వస్తాడు, లేదా కునికిపాట్లు పడతాడు. ఇంట్లోను, బడిలోను చీవాట్లు తింటాడు. మార్కులు తగ్గుతవి. ఊరంతా నిద్రపోయిన వేళ ఒంటరిగా మేలుకొని ఉంటాడు. క్రమంగా మనస్సు కుంగుతుంది. ఇక కుంగుబాటుతోనే ఆరంభమైన వానికి పక్క దిగ బుద్ధి కాదు. తలుపులు, కిటికీలు మూసుకొని పడుకొంటాడు. ఉదయపు ఎండ కంటికి తగలదు గనుక గడియారం మరింత వెనుకబడుతుంది. నిద్ర చెడి మనస్సును, మనస్సు చెడి నిద్రను దిగలాగుతవి. ఇందుచేత ఒకదానికి మాత్రమే చికిత్స చేసి రెండవదానిని వదలివేస్తే, బాగుపడినది కూడా మళ్లీ చెడే ప్రమాదం ఉన్నది.

వెలుతురు మందు అయిన విధం

కాంతిని లక్స్ అనే ప్రమాణంతో కొలుస్తారు. రాత్రి ఇంట్లో దీపపు వెలుతురు సామాన్యంగా 100 నుండి 300 లక్స్ వరకు ఉంటుంది. మబ్బు పట్టిన దినాన కూడా ఆరుబయట కొన్ని వేల లక్స్ ఉంటుంది. మండుటెండలో అది 1,00,000 లక్స్ వరకు పోతుంది. మన కన్ను వెంటవెంటనే సర్దుకొంటుంది గనుక ఈ తేడా ఎంత పెద్దదో మనకు తెలియదు. లోపలి గడియారానికి బాగా తెలుస్తుంది.

మనిషిలో మెలటోనిన్‌ను కాంతి అణచలేదని చాలాకాలం అనుకొనేవారు. 1980లో ఆల్ఫ్రెడ్ లూయీ బృందం 500 లక్స్‌తో అణగని మెలటోనిన్ 2,500 లక్స్‌తో అణగిపోయిందని చూపింది. పాత ప్రయోగాలలోని దీపాలు చాలినంత ప్రకాశవంతమైనవి కావు, అంతే. ప్రయోగ పద్ధతులు సున్నితమైన కొద్దీ, రాత్రివేళ ఇంటి దీపాలు సైతం కొంత ప్రభావం చూపుతవని తరువాత తెలిసింది.

ఈ వార్త వెంటనే వైద్యానికి ఉపయోగపడింది. ఉత్తర దేశాలలో శీతకాలం రాగానే మనస్సు కుంగి, వసంతంలో బాగుపడేవారు ఉన్నారు. 1984లో నార్మన్ రోజెంథాల్, ఆయన సహచరులు ఈ రోగాన్ని వివరించి, ప్రకాశవంతమైన దీపాల ముందు కూర్చోబెట్టడం వల్ల చాలామందికి గుణం కనబడిందని ప్రకటించారు. లండనులో డిసెంబరు పగలు 8 గంటలకంటె తక్కువ. హైదరాబాదులో అతిచిన్న పగలు కూడా సుమారు 11 గంటలు, అతిపెద్దది సుమారు 13 గంటలు. కనుక శీతకాలపు కుంగుబాటు మనవైపు పెద్ద సమస్య కాదు. ఎండ ధారాళంగా ఉన్న దేశంలో ఉండి కూడా, ఉదయమంతా తెరలు వేసిన గదిలో గడిపేవానికి మాత్రం ఆ ఎండ ఉన్నా లేనట్లే.

ఋతువులతో సంబంధంలేని కుంగుబాటుకు కూడా వెలుతురు ఉపకరిస్తుందని క్రమంగా తెలిసింది. 1996లో కెనడాలోని ఎడ్మంటన్ నగరపు ఆసుపత్రిలో కుంగుబాటు రోగుల వివరాలు పరిశీలించగా, ఎండ పడే గదులలోని వారు సగటున 16.9 రోజులకు ఇంటికి పోగా, ఎండ పడని గదులలోని వారికి 19.5 రోజులు పట్టింది. 2001లో ఇటలీలోని మిలాన్ వైద్యులు, తూర్పువైపు గదులలో ఉదయపు ఎండ తగిలిన ద్విధ్రువ మనోరోగులు, అంటే కొంతకాలం కుంగుబాటు, కొంతకాలం ఉన్మాదపు ఉత్సాహం గలవారు, పడమటివైపు గదులవారికంటె సుమారు మూడున్నర రోజులు ముందుగా కోలుకొన్నారని గమనించారు. 2016లో కెనడాలో 122 మంది రోగులపై 8 వారాల పరీక్ష జరిగింది. ఉదయం 10,000 లక్స్ కాంతి ముందు 30 నిమిషాలు కూర్చొని, దానితోపాటు ఫ్లూఆక్సెటిన్ మందు తీసుకొన్నవారిలో నూటికి సుమారు 59 మందికి రోగం ఉపశమించింది. కాంతి మాత్రమే పొందినవారిలో ఈ సంఖ్య 44, మందు మాత్రమే తీసుకొన్నవారిలో 19, ఉత్తుత్తి చికిత్స పొందినవారిలో 30. కొద్దిమందిపై జరిగిన ఒక్క పరీక్షతో మందు పనిచేయదని అనుకోరాదు. కాంతి, మందు ఒకదానికొకటి తోడు కాగలవన్నదే ఇందులోని విశేషం.

వేళే మోతాదు

ఇప్పుడు వెనుక చెప్పిన అతిశీతల క్షణం దగ్గరకు రావాలి. శరీరపు వేడి అన్నిటికంటె తగ్గిన ఆ క్షణానికి తరువాత కంటికి తగిలే కాంతి గడియారాన్ని ముందుకు తిప్పుతుంది. దానికి ముందు తగిలే కాంతి వెనుకకు తిప్పుతుంది. అదే కాంతి, అదే కన్ను. వేళ మారితే ఫలితం తలక్రిందులు అవుతుంది.

ఉదాహరణకు తెల్లవారుజామున 3 గంటలకు నిద్రపట్టి, సెలవు దినాన 11 గంటలకు దానంతట అది మెలకువ వచ్చే విద్యార్థిని తీసుకొందాం. అతని అతిశీతల క్షణం ఉదయం 8, 9 గంటల మధ్య ఉంటుంది. అతనిని దారిలో పెట్టాలని తండ్రి 5 గంటలకే లేపి, 6 గంటలకు ఎండలో నడిపించాడనుకొందాం. గోడ గడియారం ప్రకారం అది ఉదయమే. ఆ కుర్రవాని లోపలి గడియారం ప్రకారం ఇంకా అర్ధరాత్రి దాటిన కొద్దిసేపే. ఆ వేళ పడిన ఎండ అతని నిద్రను ముందుకు తేవడానికి బదులు మరింత వెనుకకు నెట్టవచ్చు. సదుద్దేశంతో చేసిన పని బెడిసికొట్టడానికి, "ఎంత చెప్పినా వినడు" అన్న నింద పుట్టడానికి ఇది ఒక కారణం.

సరియైన పద్ధతి వేరు. మొదటి దినం అతడు తన సహజమైన వేళకు, అంటే 11 గంటల ప్రాంతంలో లేవగానే ఎండలోకి పోవాలి, లేదా 10,000 లక్స్ దీపం ముందు అరగంట కూర్చోవాలి. దీపాన్ని సూటిగా చూడనక్కరలేదు. కళ్లు తెరిచి దాని ఎదుట చదువుకొంటే చాలు. తరువాత రోజుకు అరగంట చొప్పున, కష్టమైతే రెండు మూడు రోజులకు ఒకసారి, లేచే వేళను, కాంతి వేళను ముందుకు జరపాలి. గడియారం జరిగిన కొద్దీ అతిశీతల క్షణం కూడా ముందుకు జరుగుతుంది గనుక, కొన్ని వారాలకు 6 గంటల ఎండ అతనికి నిజంగా ఉదయపు ఎండ అవుతుంది. సాయంకాలం నుండి దీపాలు తగ్గించాలి. తెరలను దూరం పెట్టాలి. సెలవు దినాలలో కూడా లేచే వేళ మారకూడదు. ఒక్క ఆదివారం మధ్యాహ్నం వరకు నిద్రపోతే వారమంతా చేసిన కృషి వమ్ము కావచ్చు.

మెలటోనిన్ మాత్రల పని కాంతికి సరిగ్గా ఎదురు. సాయంకాలం, మామూలుగా నిద్రపట్టే వేళకు కొన్ని గంటల ముందు కొద్దిపాటి మోతాదు తీసుకొంటే గడియారం ముందుకు జరుగుతుంది. ఉదయం తీసుకొంటే వెనుకకు పోతుంది. దీనిని నిద్రమాత్రగా గాక, గడియారపు ముల్లును తిప్పే సాధనంగా చూడాలి. 2018లో ఆస్ట్రేలియాలో జరిగిన పరీక్షలో, కోరిన నిద్రవేళకు ఒక గంట ముందు అర మిల్లీగ్రాము మెలటోనిన్ తీసుకొని, వేళకు పక్క ఎక్కే నియమం పాటించినవారికి, ఉత్తుత్తి మాత్ర తీసుకొన్నవారికంటె సగటున 34 నిమిషాలు ముందుగా నిద్రపట్టింది. 2010లో కెనడాలోని టొరాంటో వైద్యులు నిద్ర ఆలస్యమయ్యే రోగం గల 20 మందికి మెలటోనిన్ ఇచ్చి పరీక్షించారు. వారిలో కుంగుబాటు లక్షణాలు గల 8 మందికి నిద్రతోపాటు ఆ లక్షణాలు కూడా తగ్గినవి. సంఖ్య చిన్నదే అయినా, ముల్లును సరిచేస్తే మనస్సుకు కూడా మేలు కలగవచ్చునని ఇది సూచిస్తున్నది.

నిద్రవేళను ముందుకు తేవడం కష్టమైతే, వెనుకకే తిప్పి తిప్పి చుట్టు పూర్తిచేసే ఉపాయాన్ని 1981లో జైస్లర్, వైట్జ్‌మన్ బృందం ప్రయోగించింది. రోజుకు మూడు గంటల చొప్పున ఆలస్యంగా నిద్రపోతూ, సుమారు వారంలో గడియారం చుట్టూ తిరిగి కోరిన వేళకు చేరడం ఈ పద్ధతి. ఇది చాలామందికి ఆచరణ సాధ్యం కాదు. కొందరిలో నిద్రవేళ నిలకడ లేకుండా తిరుగుతూ ఉండిపోయే ప్రమాదం కూడా కనబడింది. అందుచేత నేడు దీనిని అరుదుగా వాడుతున్నారు.

మరొక వింత చికిత్స ఉన్నది. కుంగుబాటు రోగిని ఒక రాత్రి పూర్తిగా మేలుకొని ఉంచితే, దాదాపు సగం మందిలో మరునాటికే మనస్సు తేలికపడుతుంది. 1971లో జర్మనీలో ఫ్లూగ్, టోల్లె దీనిని శాస్త్రీయంగా వివరించారు. కాని మళ్లీ నిద్రపోగానే ఎక్కువమందికి బాధ తిరిగి వస్తుంది. ఆ మేలును నిలబెట్టడానికి ఉదయపు కాంతిని, మందులను జోడించే పద్ధతులు కొన్ని ఆసుపత్రులలో ఉన్నవి. ఇది ఇంటిలో చేసి చూడదగినది కాదు.

మందులు, మాటలు, జాగ్రత్తలు

కుంగుబాటు తీవ్రమైనప్పుడు వెలుతురు ఒక్కటే చాలదు. కుంగుబాటును తగ్గించే మందులు, వైద్యుడు క్రమపద్ధతిలో మాట్లాడి ఆలోచనలను, అలవాట్లను మార్చే చికిత్స అవసరమవుతవి. ఉదయం ఒక నిర్ణీతవేళకు ఏదో ఒక పనికి పూనుకోవడం కూడా చికిత్సలో భాగమే. అది మనస్సును కదిలిస్తుంది, కంటికి కాంతిని చూపిస్తుంది. మెలటోనిన్ గ్రాహకాలపై పనిచేసే అగోమెలటిన్ అనే కుంగుబాటు మందును 2009లో ఐరోపాలో అనుమతించారు. దానిని వాడేవారికి కాలేయ పరీక్షలు తప్పనిసరి. కొన్ని మందులు నిద్రను చెదరగొడతవి, కొన్ని నిద్ర తెప్పిస్తవి. ఏ మందును ఏ వేళకు వేసుకోవాలన్నది వైద్యుని అడిగి తెలుసుకోవాలి.

కాంతి చికిత్సకు కూడా పథ్యాలు ఉన్నవి. ద్విధ్రువ మనోరోగం గలవారిలో కాంతి, రాత్రి జాగరణ రెండూ అతిఉత్సాహాన్ని, ఉన్మాదాన్ని రేపవచ్చు. కంటి రెటీనా రోగాలు గలవారు, ఎండకు చర్మం కందే మందులు వాడుతున్నవారు వైద్యుని అనుమతి లేకుండా దీనికి పూనుకోరాదు. దీపం నుండి అతినీలలోహిత కిరణాలు రాకుండా ఉండాలి. సూర్యుని వైపు సూటిగా ఎన్నడూ చూడరాదు.

బడిలో గమనించవలసినది

13 నుండి 18 సంవత్సరాల వయస్సువారికి రోజుకు 8 నుండి 10 గంటల నిద్ర అవసరం. మొదటి పాఠంలో కునికిపాట్లు పడే విద్యార్థిని కోప్పడక ముందు ఉపాధ్యాయుడు అడగవలసిన ప్రశ్నలు రెండు ఉన్నవి: రాత్రి ఎన్ని గంటలకు నిద్ర పట్టింది? సెలవు దినాన ఎవరూ లేపకపోతే ఎన్ని గంటలకు లేస్తావు? ఈ రెండు జవాబులను బట్టి లోపలి గడియారం ఎంత వెనుకబడిందో తెలుస్తుంది. పక్క ఎక్కిన వేళ, నిద్రపట్టిన వేళ, లేచిన వేళ, ఆ దినం మనస్సు ఎట్లా ఉన్నదన్నది రెండు వారాలపాటు ఒక కాగితంమీద వ్రాసుకొంటే, వైద్యునికి అది ఎన్నో పరీక్షలకంటె ఎక్కువ ఉపయోగపడుతుంది.

ఆ కాగితంలో దిగులు ప్రతిదినమూ కనబడుతున్నా, ఆటపాటలు మాని ఒంటరిగా కూర్చొంటున్నా, తల్లిదండ్రులకు చెప్పి మనోవైద్యునికి చూపించాలి. బ్రతకాలని లేదన్న మాట నోటివెంట వస్తే అది బెదిరింపు అని, పరీక్షల భయమని కొట్టివేయరాదు. వానిని ఒంటరిగా వదలక అదే దినం సాయం పొందాలి. భారత ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 అనే సంఖ్యకు ఫోను చేస్తే రాత్రి పగలు ఉచితంగా తెలుగులో కూడా సలహా లభిస్తుంది.

అత్తిపత్తి చీకటిగదిలో తన వేళకు ఆకు విప్పినప్పుడు ద మైరాన్ దానిని మొండిది అనలేదు, పరీక్షించి చూచాడు. వేళ తప్పిన విద్యార్థి పట్ల కూడా మొదట చేయవలసినది అదే. వాని గడియారం ఎంత వెనుకబడిందో కనుక్కొన్న తరువాతనే దానిని ముందుకు తిప్పడం సాధ్యం.